నీళ్ళు రాకూడని చోటు

ఆ బోర్డు పెట్టిన నాడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఇన్నమ్మ. చట్టం మీద ప్రేమ కొద్దీ కాదు, నీడ వచ్చిందని. హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు పోయే రోడ్డు పక్కన, షావుకారు శ్రీమన్నారాయణ గారి మామిడి షెడ్డు ముందర, రెండు ఇనుప స్తంభాల మీద లారీ పొడవున నిలబెట్టారు దాన్ని. పచ్చరంగు మీద తెల్లటి అక్షరాలు. కార్బైడ్‌తో కాయలు మాగబెట్టుట చట్టరీత్యా నేరము. ఆ కింద జైలు శిక్ష, జరిమానా, ఫిర్యాదు చేయడానికి ఒక ఫోన్ నంబరు. ఆ నంబరులో చివరి అంకె మొదటి ఎండాకాలానికే వెలిసిపోయింది. బోర్డు మాత్రం గట్టిది. పొద్దెక్కిన దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా దాని నీడ షెడ్డు వాకిట్లో పడుతుంది. ఆ నీడలో గోనెపట్టాలు పరుచుకుని, ఇన్నమ్మ ముఠాలోని ఆడవాళ్ళు కార్బైడ్ పొట్లాలు కట్టేవాళ్ళు.

చాటుమాటు వ్యవహారమేమీ కాదు. బస్సు కిటికీలోంచి చూసినా కనపడుతుంది. జీపుల్లో పోయే అధికారులకు ఇంకా బాగా కనపడుతుంది. అయినా తప్పు పట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? షెడ్డు సగం రోడ్డు మార్జిన్లోనే ఉంది. షెడ్డులో లైట్లు వెలిగేది స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి తెచ్చుకున్న కరెంటుతోనే. అసలా బోర్డే, మలుపులో ఎదురుగా వచ్చే బండి కనపడకుండా, ఎక్కడ పెట్టకూడదో సరిగ్గా అక్కడ పెట్టారు. పక్కనే కాయల్ని పద్ధతి ప్రకారం మాగబెట్టుకొమ్మని ప్రభుత్వం కట్టించిన గది ఉంది. దానికి శిలాఫలకం ఉంది, తాళం ఉంది, కరెంటు కనెక్షన్ మాత్రం లేదు. గది అరుగు మీద షావుకారు గారి ఖాళీ ట్రేలు పేర్చి ఉంటాయి. ప్రభుత్వం వారు ఎప్పుడైనా అటు వస్తే ఆ ట్రేలు కాస్త పక్కకు జరిపి ఫొటో తీసుకుని వెళతారు.

కార్బైడ్‌ను అక్కడెవరూ ఆ పేరుతో పిలవరు. మందు అంటారు. బూడిదరంగు రాళ్ళు డబ్బాల్లో వస్తాయి. వాటిని సుత్తితో చిన్న ముక్కలుగా కొట్టి, పేపరు ముక్కల్లో చుట్టి, ట్రేలో కాయల మధ్య దోపుతారు. లారీ ఉత్తరాది చేరేలోపు పచ్చికాయ పసుపు రంగుకు తిరుగుతుంది. లోపల పులుపు పులుపుగానే ఉంటుంది. అది తినేవాడి ఖర్మ.

షావుకారు గారింట్లో మాత్రం మందు పెట్టిన పండు గడప దాటదు. నూజివీడులో వాళ్ళ పెరట్లో ఒక గది నిండా వరిగడ్డి ఉంటుంది. చెట్టున ముదిరిన చిన్నరసాలు, బంగినపల్లి కాయలు ఏరి గడ్డిలో మాగేస్తారు. అవి ఇంటికి, చుట్టాలకి, ఆఫీసులకి. బుట్ట పైన గుప్పెడు గడ్డి కప్పి పంపడం ఆనవాయితీ. గడ్డి ఉందంటే నమ్మి తినవచ్చని అర్థం. మందు వాడుతున్నారా లేదా అని తనిఖీకి వచ్చే జీపులో ముందు గడ్డి బుట్ట ఎక్కుతుంది, తర్వాత అధికారి ఎక్కుతాడు. ఇది కూడా రోడ్డు మీద, అందరూ చూస్తుండగానే జరుగుతుంది.

ఇన్ని నియమాలు ఇంత హాయిగా గాలికి పోయే ఆ చోట, ఎవరూ మీరని నియమం ఒకటుండేది. అది ఏ ప్రభుత్వమూ చేసింది కాదు. ఇన్నమ్మ పెట్టింది. మందు దగ్గరికి నీళ్ళు రాకూడదు.

ఆమె కొత్తగా పనికి వెళ్ళిన రోజుల్లో, వేరే ఊళ్ళో ఒక షెడ్డులో వాన నీరు కారి డబ్బాలో పడింది. డబ్బా బుసబుసా పొంగి గ్యాసు కమ్మింది. ఎవడో బీడీ వెలిగించాడు. షెడ్డు కళ్ళముందే తగలబడింది. దాన్ని చూసిన మనిషి గనక, తాను మేస్త్రి అయ్యాక ఇన్నమ్మ ఈ విషయంలో ఎవరినీ ఉపేక్షించేది కాదు. దాహం వేస్తే లేచి షెడ్డు అవతలి కుళాయి దగ్గరికి పోయి తాగి, చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని రావాలి. మంచినీళ్ళ సీసా గోనెపట్టా మీదికి తెస్తే తిట్లు తప్పవు. సొంత కోడలు ప్రసన్న ఒక శుక్రవారం తలంటుకుని తడిజుట్టుతో వస్తే, జుట్టు ఆరాక రమ్మని ఇంటికి తిప్పి పంపింది. తన ముఠాలో ఇన్నేళ్ళలో ఎవరికీ చిన్న బొబ్బ కూడా రాలేదని ఆమెకు గర్వం. ఆ గర్వం తప్పని ఎవరు మాత్రం అనగలరు?

ప్రసన్నది చింతలపూడి. అక్కడ మగ్గం వర్క్ నేర్చుకుంది. జాకెట్ల మీద పూసలతో, జరీతో లతలు, నెమళ్ళు కుట్టే పని. సన్నటి సూదిలో దారం ఒక్క విసురుకే ఎక్కించేది. ఇన్నమ్మ కొడుకు ప్రసాద్‌ను పెళ్ళి చేసుకుని వచ్చాక ఇక్కడ మగ్గం లేక ఆ పని మూలబడింది. ప్రసాద్ ట్రాలీ ఆటో నడుపుతాడు. ఈ సీజను కాగానే ఇంట్లో మగ్గం వేయిస్తానన్నాడు. పెళ్ళిళ్ళ సీజనుకి నూజివీడు షాపులో పని ఇస్తామన్నారు కూడా. మందు పొట్లాలు ఈ ఒక్క ఏడాదే అనుకుంటూ ఆ పిల్ల అత్తగారి పక్కన కూర్చుని సుత్తి పట్టింది. ఇన్నమ్మకు కూడా కోడలు ఈ పనిలోంచి బయటపడాలనే ఉండేది. తన వేళ్ళ చర్మం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

మే నెలలో ఒకరోజు షెడ్డు పక్కనున్న ప్రభుత్వ గది ముందు షామియానా వేశారు. మండలాన్ని కార్బైడ్ రహిత మండలంగా ప్రకటించే సభ. ముందురోజే ప్రభుత్వ గది అరుగు మీది ట్రేలు షెడ్డులోకి చేరాయి. వర్తక సంఘం అధ్యక్షుడిగా శ్రీమన్నారాయణ గారికి వేదిక మీద కుర్చీ, శాలువా. పెద్దలందరికీ గడ్డి బుట్టలు సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రం లోడు వెళ్ళాలి గనక పని ఆపడానికి వీల్లేదు. అందుకని షావుకారు గుమాస్తా వచ్చి, ఇవాళ్టికి బోర్డు నీడలో వద్దు, షెడ్డు వెనక్కి పోయి కట్టుకోండి అన్నాడు. చట్టానికి ఆ మండలం ఇచ్చిన మర్యాద అంత. షెడ్డు వెనకాల నీడ లేదు. ఆడవాళ్ళు తలల మీద తువ్వాళ్ళు వేసుకుని ఎండలో కూర్చున్నారు. మైకులో ఉపన్యాసాలు వినపడుతున్నాయి. రైతు ఆరోగ్యం, ప్రజల ఆరోగ్యం, చట్టం తన పని తాను చేసుకుపోతుందని ఎవరో అంటున్నారు. చప్పట్లు.

ఆ చప్పట్లలో ప్రసన్న అరుపు మొదట ఎవరికీ వినపడలేదు. పెద్ద రాయిని కొడుతుంటే పెచ్చు ఎగిరి కుడికంట్లో పడింది. ఆమె సుత్తి వదిలేసి రెండు చేతులతో ముఖం కప్పుకుని పక్కకు ఒరిగిపోయింది. షామియానా అంచున సభకు తెప్పించిన మంచినీళ్ళ క్యాన్లు వరసగా ఉన్నాయి. ముఠాలో ఒకామె పరుగెత్తి గ్లాసు నింపుకొచ్చి ప్రసన్న ముఖం మీద పోయబోయింది. ఇన్నమ్మ ఆ చేతిని కొట్టింది. గ్లాసు దూరంగా పడింది.

"నీళ్ళొద్దు. మందు పొంగుద్ది. కన్ను ఉడికిపోద్ది."

ఎవరూ ఎదురు చెప్పలేదు. అది వాళ్ళకు తెలిసిన నియమమే. ఇన్నమ్మ కోడలి తలను ఒళ్ళోకి తీసుకుని, పొడి కొంగుతో కంటిని తుడిచింది. తుడిచిన కొద్దీ పిల్ల గిలగిల్లాడింది. కన్నీళ్ళు ధారగా కారుతుంటే వాటిని కూడా కొంగుతో అద్ది తీసేసింది, తడి ఉండకూడదని.

శ్రీమన్నారాయణ గారు శాలువాతోనే షెడ్డు వెనక్కి వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. ముఠాలో ఎవరింట్లో పెళ్ళయినా వచ్చి అక్షింతలు వేసి వెళతారు. పిల్లను చూడగానే తన కారు తీసుకెళ్ళమన్నారు. ఖర్చు తను చూసుకుంటానన్నారు. ఇన్నమ్మను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఇంకొక మాట కూడా అన్నారు.

"ఆసుపత్రిలో మందు అన్న మాట రానీయకు ఇన్నమ్మా. నూనె చిందిందని చెప్పు. డబ్బా తెచ్చింది మీవాడి ఆటోలో. ఇవాళ ఆ మాట బయటికొస్తే ముందు పట్టుకెళ్ళేది వాణ్ణే. నిరుడు బసవపున్నారావుకి ఏమైందో చూశావుగా."

చూడకపోవడమేంటి. నిరుడు ఏదో టీవీ వాళ్ళు ఈ షెడ్లను చూపిస్తే గోల అయింది. ఎవరో ఒకరి మీద కేసు కట్టక తప్పలేదు. మందు అమ్మినవాడి మీద కాదు, కొన్నవాడి మీద కాదు, ఆ సమయానికి ట్రే మోస్తూ కెమెరాకు దొరికిన హమాలీ బసవపున్నారావు మీద కట్టారు. ఈనాటికీ వాయిదా వాయిదాకీ అతను కూలి పోగొట్టుకుని కోర్టు వరండాలో కూర్చుని వస్తుంటాడు. అతని బర్రె ప్లీడరు ఫీజు కిందికి పోయింది. చట్టమంటే అందరూ నవ్వుకునే చోట దానికి భయపడేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళు బసవపున్నారావులే.

నూజివీడు పెద్దాసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నవయసుది. ప్రసన్నను బల్ల మీద పడుకోబెట్టి లైటు వేసి రెప్ప తెరవబోయింది. పిల్ల తెరవనీయలేదు. ఏం పడిందని అడిగింది డాక్టరమ్మ.

"వడియాలు వేయిస్తుంటే నూనె చిందిందండి," అంది ఇన్నమ్మ.

డాక్టరమ్మ ప్రసన్న ముఖం కేసి కాసేపు చూసింది. చెంప మీద చుక్క కూడా కాలలేదేంటి అని అడిగింది. తలుపు దగ్గర ప్రసాద్ నిలబడి ఉన్నాడు. భార్య వంక చూస్తున్నాడు గాని నోరు విప్పలేదు.

"నిజం చెప్పండమ్మా. ఏం పడిందో దాన్నిబట్టే వైద్యం ఉంటది."

ఇన్నమ్మ కొడుకు వంక చూసింది. ఆ చూపులో ఆమెకు కనపడింది కన్ను కాదు, కోర్టు వరండా. "నూనేనండి," అంది మళ్ళీ.

నూనెకు చేసే వైద్యం చేశారు. పైపైన శుభ్రం చేసి, ఆయింట్‌మెంటు రాసి, దూది పెట్టి కట్టు కట్టారు. నొప్పి తగ్గకపోతే పొద్దున్నే విజయవాడ కంటి ఆసుపత్రికి వెళ్ళమన్నారు. నొప్పి తగ్గలేదు. ఇంట్లో ఇన్నమ్మ కోడలి పక్కన పడుకుని కట్టు సర్దబోతే ముక్కుకు వాసన తగిలింది. వెల్లుల్లి కుళ్ళినట్టుండే ఆ వాసన ఆమెకు కొత్త కాదు. ఇన్నేళ్ళుగా ఆమె చీరలకు పట్టి ఉన్నదే. తన చీరదేనేమో అని సర్దిచెప్పుకుంది. తెల్లవార్లూ సర్దిచెప్పుకుంటూనే ఉంది.

విజయవాడలో పెద్ద డాక్టరు కట్టు విప్పి, రెప్ప మడిచి చూశాడు. లోపల తెల్లటి ముద్ద అంటుకుని ఉంది. కనుగుడ్డు ఉడికించిన చేప కన్నులా ఉంది. ఆయన కోప్పడలేదు. ఇది నూనె కాదు, సున్నం, కార్బైడ్ తడి తగిలితే సున్నమవుతుంది, రాత్రంతా అది కంటిని తింటూ ఉంది అని చెప్పాడు. ఏ షెడ్డులో పని చేస్తారని కూడా అడగలేదు. బహుశా ప్రతి వేసవిలోనూ అటునుంచి ఇలాంటివాళ్ళు వస్తూ ఉంటారు. ఒక్కటే అడిగాడు.

"పడగానే నీళ్ళు పొయ్యలేదా ఎవరూ?"

నీళ్ళు పోస్తే పొంగుతుంది కదండీ అంది ఇన్నమ్మ. చుక్క పడితే పొంగుతుందని, ధారగా, ఆపకుండా, కుళాయి కింద పెట్టి కడుగుతూ ఉంటే ముక్క కొట్టుకుపోతుందని, సున్నం మిగలదని ఆయన చెప్పాడు. కనీసం మొదటి ఆసుపత్రిలో నిజం చెప్పినా వాళ్ళే కడిగి ఉండేవాళ్ళన్నాడు. ఇక ఆ కంట్లో వెలుగు నీడ తెలిస్తే గొప్ప, చూపు రాదన్నాడు.

ఇన్నమ్మ వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. ఆమెకు గ్లాసు గుర్తొచ్చింది. నీళ్ళు నిండిన గ్లాసు, తన చేతి దెబ్బకు దూరంగా పడిన గ్లాసు. పక్కనే వరసగా నీళ్ళ క్యాన్లు. కన్ను పోగొట్టింది మందు కాదు, తనే. ఒకసారి కొంగుతో, రెండోసారి నోటితో. అలా అనుకుంటూ ఆమె అక్కడ ఎంతసేపు కూర్చుందో, ప్రసాద్ వచ్చి భుజం పట్టుకుని లేపేదాకా లేవలేదు.

ఇంటికి వచ్చాక ప్రసన్న ఎవరినీ ఏమీ అనలేదు. అదే భరించడం కష్టమైంది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మంచం మీద కూర్చుని సూది, దారం పట్టుకుని ఎక్కించడానికి ప్రయత్నిస్తోంది. దారం సూది పక్కనుంచి పోతోంది. మళ్ళీ నోట్లో పెట్టి తడిపి, మళ్ళీ పక్కనుంచి. ఇన్నమ్మ చూడలేక వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆరోజు నేను నోరు విప్పి ఉంటే నీ కన్ను నీకుండేదని అంది. ప్రసన్న సూది పక్కన పెట్టింది.

"డాక్టరమ్మ నిన్నడిగినప్పుడు నాక్కూడా నోరుంది కదత్తా. కన్ను మండుతోంది గాని చెవులు పనిచేస్తన్నాయి. రెండుసార్లూ విన్నాను. మీ అబ్బాయిని తీసుకుపోతారేమోనని నేనూ ఊరుకున్నాను."

ఇన్నమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో కోపం కూడా కలిసి ఉంది, అది ఎవరి మీదో మొదట ఆమెకే తెలియలేదు. ముగ్గురు మనుషులు ఒక కన్ను పోతుంటే చూస్తూ నోరు మూసుకుని నిలబడ్డారు. ఎందుకు? ఎవరూ ఖాతరు చేయని చట్టానికి భయపడి. షావుకారు భయపడడు, జీపు భయపడదు, వేదిక భయపడదు. మన ముగ్గురమే దాన్ని నమ్మాం. తలచుకున్న కొద్దీ ఆమెకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, నాలుగు మందు పొట్లాలు తడి తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని, ఆటో ఎక్కి తనిఖీ ఆఫీసుకు వెళ్ళింది. తనిఖీ అధికారి ఆమెకు తెలియనివాడు కాదు. జీపులో బుట్ట ఎక్కించేటప్పుడు చాలాసార్లు చూసింది. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. బీరువా పక్కన ఖాళీ బుట్ట ఒకటి ఉంది, అడుగున ఇంకా నాలుగు గడ్డిపరకలు ఉన్నాయి.

ఇన్నమ్మ కూర్చోలేదు. తన మీద కేసు రాయమని అడిగింది. శ్రీమన్నారాయణ గారి షెడ్డులో మేస్త్రిని నేనే, ఇన్నేళ్ళూ పొట్లాలు కట్టించింది నేనే, నా కోడలి కన్ను అందులోనే పోయింది, ఆసుపత్రిలో నూనె అని రాయించిన అబద్ధం కూడా నాదే అని వరసగా చెప్పింది. కేసు రాస్తే ఏమొస్తుందని అధికారి ఆశ్చర్యపోయాడు. ఎక్కడో ఒకచోట, ప్రభుత్వం కాగితం మీద, ఆ పిల్ల కన్ను దేనివల్ల పోయిందో నిజం ఉండాలి కదా అంది ఇన్నమ్మ. ఇప్పటికి ప్రభుత్వం కాగితాల్లో నూనె అనే ఉంది.

అధికారి జాలిగానే విన్నాడు. తర్వాత నిదానంగా చెప్పాడు.

"చూడమ్మా, ఈ మండలంలో కార్బైడ్ లేదు. లేదని మేమే పైకి రాసి పంపాం. లేనిదానికి కేసెలా కడతాను?"

సరే, కేసు వద్దులెండి, అంది ఇన్నమ్మ. దారిలోనే ఆమె ఇంకొకటి ఆలోచించుకుంది. ఆ బోర్డు మీద కింద బోలెడు ఖాళీ ఉంది. అక్కడ ఒక్క ముక్క రాయించమని అడిగింది. కంట్లో పడితే ఆపకుండా నీళ్ళు పోసి కడగండి, ఆసుపత్రిలో నిజం చెప్పండి, చెప్పినవాళ్ళను ఎవరూ ఏమీ అనరు అని. ఆ బోర్డు నీడలో కూర్చునేది మేమే కదండీ, చదువుకుంటాం అంది.

"అలా రాస్తే ఉందని ఒప్పుకున్నట్టే కదమ్మా," అన్నాడు అధికారి.

ఇన్నమ్మ కొంగు కింది నుంచి డబ్బా తీసి, మూత తెరిచి, నాలుగు పొట్లాలూ ఆయన బల్ల మీద వరసగా పెట్టింది. ఒకటి విప్పింది. బూడిదరంగు ముక్కలు ఫైళ్ళ మీదకు జారాయి. ఆయన బల్ల మీద మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసు ఉంది. అధికారి తొందరపడకుండా ఆ గ్లాసు ఎత్తి వెనకాల కిటికీలో పెట్టాడు.

"లేదన్నారు కదండీ, గ్లాసెందుకు జరిపారు?" అంది ఇన్నమ్మ.

ఆయన అటెండరును పిలిచి, ఆమెను ఆటో ఎక్కించి రమ్మన్నాడు. పొట్లాలు మాత్రం ముట్టుకోలేదు. ఇన్నమ్మే వాటిని మళ్ళీ చుట్టి డబ్బాలో పెట్టుకోవలసి వచ్చింది.

సీజను ఇంకా అయిపోలేదు. పని మానేస్తే ముఠాలోని ఆడవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగదు, ఇన్నమ్మ ఇంట్లోనూ వెలగదు. తర్వాతి రోజు పొద్దున బోర్డు నీడ వాకిట్లో పడే వేళకు ఆమె వచ్చింది. వెనకే ప్రసన్న వచ్చింది, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. పని చేయడానికి కాదు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని పెద్ద ప్లాస్టిక్ డ్రమ్మును తెచ్చి, గోనెపట్టాకు పది బారల దూరంలో, పరుగెత్తి అందుకోగలిగే చోట పెట్టి, కుళాయి నీళ్ళతో నింపారు. పైన ఒక మగ్గు. ప్రసన్న దాని పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఇన్నమ్మ ముఠానంతా నిలబెట్టి, కంట్లో పడితే ఏం చేయాలో, ఆసుపత్రిలో ఏం చెప్పాలో చెప్పింది. తాను ఇన్నాళ్ళు చెప్పింది తప్పని కూడా చెప్పింది. ఆడవాళ్ళు ఆ డ్రమ్ము కేసి బెదురుగా చూశారు. కొందరు పట్టాను ఇంకాస్త దూరం లాక్కున్నారు.

శ్రీమన్నారాయణ గారు కారు దిగుతూనే డ్రమ్మును చూసి నిలబడిపోయారు. రోడ్డు మీదకు జరిగిన షెడ్డు ముందు, దొంగ కరెంటు తీగ కింద, తలపైన నిషేధపు బోర్డు ఉండగా, ఆ వాకిట్లో ఆయన కంటికి తప్పుగా కనపడింది ఆ నీళ్ళే.

"మందు దగ్గర నీళ్ళేంటి ఇన్నమ్మా? షెడ్డు తగలబడుద్ది. ఇక్కడ ఉన్న రూలు అదొక్కటే, అదీ నువ్వు పెట్టిందే. తీయించు ముందు."

ప్రసన్న పీట మీదనుంచి లేవలేదు. ఇన్నమ్మ చేతిలో ఉన్న పొట్లం కట్టడం పూర్తిచేసి, పక్కన పెట్టి, తలెత్తి ఆయన వంక చూసింది.

"ఆ రూలు నేనే తప్పుతున్నానండి," అంది. "నా మీద కేసు పెట్టించండి."

రోడ్డు మీద నూజివీడు బస్సు మలుపు తిరిగి, బోర్డు అడ్డం వచ్చి హారన్ మోగించుకుంటూ పోయింది. షావుకారు గారు డ్రమ్ము పక్కనుంచి తప్పుకుని షెడ్డులోకి వెళ్ళి, గుమాస్తాను లోడు సంగతి అడిగారు.